తువాలు కింద లాటిన్

మాఘమాసం వచ్చిందంటే గుంటూరులో గాలిని పరీక్షించటానికి పరికరాలు అక్కర్లేదు, ముక్కు చాలు. కొత్త మిరపకాయల లారీలు యార్డు వైపు వరసకట్టే ఆ రోజుల్లో కిటికీలు ఎంత బిగించినా మా ప్రయోగశాలలోకి ఘాటు దూరుతుంది. మొన్న అలాంటి ఒక ఉదయం మిరపపొడి నమూనాను తూకం వేస్తూ గట్టిగా తుమ్మాను. పొడి ఎగిరింది, తూకం చెడింది. పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి "చిరంజీవ మేడమ్" అని నవ్వింది. నేను మాత్రం ఇంకో మాట కోసం చెవి ఒగ్గి ఒక్క క్షణం ఆగాను. అది వినిపించలేదు. "సాల్వే" అనే ఆ మాట లాటిన్. క్షేమంగా ఉండు అని అర్థం. గుంటూరులో తుమ్మినవాళ్ళను లాటిన్‌లో దీవించిన మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఇంకెవరైనా ఉన్నారేమో నేను తనిఖీ చేయలేదు కనుక 'నాకు తెలిసి' అన్న మాటను వాక్యంలో అలాగే ఉంచుతున్నాను.

తనిఖీ నా వృత్తి. విత్తనం మొలకెత్తుతుందని సంచి మీద రాసి ఉంటే, మొలకెత్తించి చూస్తాను. పొడిలో రంగు కలపలేదని వ్యాపారి పిల్లల మీద ఒట్టు వేస్తే, ఆ ఒట్టును పక్కన పెట్టి పొడిని గాజు గొట్టంలో వేస్తాను. ఈ స్వభావం నాకు ఉద్యోగంతో రాలేదు, చిన్నప్పుడే ఉంది. దానివల్ల బంధువులు నన్ను పెళ్ళిసంబంధాల చర్చలకు పిలవటం మానేశారు. అయితే తనిఖీ ఎవరి కోసం చేస్తున్నామో, ఏది లెక్కించాలో నాకు నేర్పింది మాత్రం విజ్ఞానశాస్త్రం చదివినవారు కాదు. ఆయన శౌరయ్య మాస్టారు. కతోలిక గురువులు, అంటే ఫాదర్లు కాబోయే కుర్రాళ్ళకు ఒక గురువిద్యాలయంలో జీవితమంతా లాటిన్ బోధించి, విశ్రాంతి తీసుకోవటానికని బ్రాడీపేటలో అద్దె ఇంట్లో దిగి, ఒక్కరోజు కూడా విశ్రాంతి తీసుకోని మనిషి.

ఆయన దగ్గరికి నేను అపనమ్మకం కొద్దీ వెళ్ళాను. పత్తి చేలలోని కలుపు మొక్కల మీద పరిశోధన చేస్తున్న రోజులవి. పాతకాలపు వృక్షశాస్త్రజ్ఞులు మొక్కల వర్ణనలను లాటిన్‌లో రాశారు. అనువాదాలు దొరికాయి గాని, రెండు అనువాదాల్లో ఒకే ఆకుకు రెండు ఆకారాలు కనబడేసరికి మూలమే చదవాలన్న పంతం పుట్టింది. ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని, కింద కోచింగ్ సెంటరు, పైన ఇల్లు ఉన్న ఒక మేడ మెట్లెక్కాను. కింద పిల్లలు భౌతికశాస్త్ర సూత్రాలు గొంతెత్తి వల్లిస్తున్నారు. పైన ఎండుమిరపకాయలు వేగుతున్నాయి. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే తుమ్మాను.

"సాల్వే!" అన్నారు లోపలినుంచి. బనియను, లుంగీ, భుజం మీద తువాలుతో ఒక పొట్టి మనిషి బయటికి వచ్చారు. "రోమన్లు తుమ్మినవాళ్ళని ఇట్టాగే పలకరించేవాళ్ళమ్మా. దా, లోపలికి దా."

"దానికి ఆధారం ఏమిటండీ?" అన్నాను. ఇంకా నా పేరైనా చెప్పలేదు.

మాస్టారు నా వంక తేరిపార చూసి, వంటింటి వైపు తిరిగి కేక వేశారు. "ఆరోగ్యం! ఇటు చూడు, ఆధారం అడుగుతోంది!" ఎవరో స్వీట్లు పట్టుకొచ్చినంత సంబరం ఆ గొంతులో.

ఆయన భార్య ఆరోగ్యమ్మగారు గరిటెతోనే బయటికి వచ్చారు. "అడగనీండి. ఇన్నాళ్ళూ మీరు చెప్పిందల్లా నేను నమ్మబట్టే ఇంత వదరుబోతులయ్యారు. కూర్చో అమ్మాయ్, కాఫీ తాగుతావా? తాగుతానంటే దానికి ఆధారం అడగన్లే."

ఇంటికి వెళ్ళి వెతికాను. రోమన్లు తుమ్మినవారికి శుభం పలికేవారని పాత రాతల్లో నిజంగానే ఉంది. మరుసటి వారం ఆ మాట చెబితే మాస్టారు నాకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయారు. "నిజమేనా! నేనేదో మా గురువుగారు అన్నారని అంటున్నా ఇన్నాళ్ళూ" అన్నారు. ఆ రోజునుంచి మా పాఠాలకు ఒక పద్ధతి ఏర్పడింది. ఆయన లాటిన్ చెప్పాలి, నేను నిజానిజాలు తేల్చాలి. ఘాటుకు పేరుపడ్డ ఒక మిరప జాతి శాస్త్రీయ నామంలో 'చైనాకు చెందినది' అనే లాటిన్ మాట ఉందని, ఆ మొక్క పుట్టినిల్లు మాత్రం దక్షిణ అమెరికా అని చెప్పినప్పుడు ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తప్పని తెలిశాక దిద్దరా?"

"మొదట పెట్టిన పేరే నిలవాలని నియమం ఉందండీ."

"అంటే అబద్ధానికి లాటిన్ తొడిగితే ఇక కదలదన్నమాట!"

"అదేం వింత?" అన్నారు ఆరోగ్యమ్మగారు చిక్కుళ్ళు తుంచుతూ. "బల్లిని చూసి మంచం ఎక్కే మనిషికి శౌరయ్య అని పేరు పెట్టలా మీవాళ్ళు? దిద్దారా ఎవరైనా?"

మహమ్మారి వచ్చి బళ్ళన్నీ మూతపడ్డప్పుడు మాస్టారి విశ్రాంత జీవితం పూర్తిగా చెడిపోయింది. ఆయన దగ్గర చదువుకుని లాటిన్ ఉపాధ్యాయులైనవారు కొద్దిమంది ఉన్నారు. ఒకరు ఒంగోలు వైపు, ఒకరు గోదావరి అవతల, ఒకరు ఎక్కడో కొండల్లో. నల్లబల్ల తప్ప ఇంకేదీ ఎరగని వాళ్ళందరూ ఒక్కసారిగా ఫోను తెరల మీద లాటిన్ చెప్పవలసి వచ్చింది. వాళ్ళలో చిన్నవాడు ఫాదర్ చిన్నప్ప పొద్దున్నే ఫోను చేసేవారు. "మాస్టారూ, నెట్‌లో పాఠాలు బోలెడు ఉన్నాయండి. అన్నీ మంచు, కోటలు, ద్రాక్షతోటలు. మావాళ్ళకి మంచంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే."

"ఒరేయ్ చిన్నప్పా, అయితే మనమే తయారు చేద్దాం రా" అన్నారు మాస్టారు.

"ఫాదర్‌గార్ని ఒరేయ్ అంటారేంటండీ!" అని లోపలినుంచి ఆరోగ్యమ్మగారు.

"గురుపట్టం మొన్నొచ్చింది. ఒరేయ్ అంతకుముందు నుంచీ ఉంది."

అలా లాటిన్ ఉపాధ్యాయుల కోసం అంతర్జాలంలో పాఠ్యసామగ్రి తయారుచేసే కార్ఖానా ఒకటి బ్రాడీపేట మేడమీద మొదలైంది. మాస్టారు అందులో రచయిత, గాయకుడు, నటుడు. ఆవకాయ జాడీకి ఆనించిన ఫోనే కెమెరా. నేను టైపు చేసి, కత్తిరించి, అతికించి, ఎక్కించేదాన్ని. నా జీతమల్లా అభ్యాస వాక్యాలను తనిఖీ చేసే హక్కే. ఒక రోజు 'రైతు సంతోషంగా ఉన్నాడు' అనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం ఇచ్చారు. ఆ సంవత్సరపు ధరల దృష్ట్యా నాకు అనుమానం వచ్చింది. పర్చూరు దగ్గర మా ఊళ్ళో సేద్యం చేసే మా నాన్నకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, రైతు సంతోషంగా ఉన్నాడా అని అడిగాను.

"ఎవడమ్మా ఆ రైతు? ఏ ఊరు? ఏం వేశాడు?" అన్నాడు నాన్న కంగారుగా.

"ఎవరో కాదు నాన్నా, వాక్యంలో రైతు."

"వాక్యంలో అయితే ఉండొచ్చు. చేలో అయితే మబ్బు చూసుకుంటూ ఉంటాడు."

'రైతు ఆకాశం వైపు చూస్తున్నాడు' అని మార్చాం. నాన్న ఆమోదించాడు. వ్యాకరణ అభ్యాసంలోని వాక్యం నిజం కానక్కర్లేదని మాస్టారు మొదట వాదించారు గాని, పిల్లలు ఎలాగూ బట్టీపట్టే వాక్యం అబద్ధం ఎందుకు కావాలన్న నా ప్రశ్న ఆయనకు నచ్చింది. ఇక అక్కడినుంచి ఆయనే నాకన్నా ఛాదస్తంగా తయారయ్యారు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఫోటో పెట్టి, రోమన్ సైనికుడి చేత దాన్ని వర్ణింపజేయబోతే, మిరప అప్పటికి సముద్రం దాటలేదని చెప్పవలసి వచ్చింది.

"సీజరు మిరపకాయ తినలేదా?"

"అవకాశం లేదండీ."

"కారం లేకుండానే అన్ని దేశాలు గెలిచాడా!"

"అందుకే పొడిచి ఉంటారు" అన్నారు ఆరోగ్యమ్మగారు. "చప్పిడి కూడు తిని తిని జనానికి విసుగొచ్చి."

ఆ ఫోటోను సైనికుడు లేకుండానే పెట్టాం. ఎక్కడో చలిదేశం నుంచి ఒక ఉపాధ్యాయురాలు, ఇంత పెద్ద ఎర్రని పూల తివాచీ ఏ పండుగకు పరుస్తారని అడిగారు. మాస్టారు ఆమెకు లాటిన్‌లో జవాబు రాశారు. ఆ పూలను పప్పులో వేసుకుంటామన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మాస్టారి తండ్రి పశువుల సంతల్లో బేరాలు కుదిర్చే మనిషి. ఒంగోలు జాతి కోడెల బేరం అందరిముందూ నోటితో సాగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపితే పైన తువాలు కప్పుతారు. ధర వేళ్ళ నొక్కుళ్ళతో నడుస్తుంది. ఎవరు ఎంత తక్కువకు అడిగారో, ఎవరు ఎక్కడ తగ్గారో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. చిన్నప్పుడు సంతలో ఇది చూసిన మాస్టారు పెద్దయ్యాక దాన్ని తరగతిలో పెట్టారు. లాటిన్ నామవాచకాలు ఐదు గుంపులు. ఏదైనా పదం చెప్పి, తువాలు కప్పిన చేతితో బల్లల మధ్య తిరిగేవారు. కుర్రాడు తువాలు కిందికి చెయ్యి పోనిచ్చి, ఆ పదం ఎన్నో గుంపుదో అన్ని వేళ్ళు నొక్కాలి. తప్పయితే మాస్టారు వేలు వెనక్కి నొక్కేవారు. సరైతే చెయ్యి ఊపేవారు. పక్కవాడికి ఏమీ తెలియదు.

"దేవుడు చేతికి ఐదు వేళ్ళు ఇచ్చాడు, లాటిన్‌కు ఐదు గుంపులు ఇచ్చాడు. చూశావా ఏర్పాటు!" అన్నారు నాతో.

"అది కాకతాళీయం అండీ."

"ఒప్పుకున్నా. కానీ అందమైన కాకతాళీయం."

తెర మీద చదువులు వచ్చాక ఈ తువాలుకే ముప్పు వచ్చింది. కెమెరాలు కట్టేసుకుని కూర్చున్న తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగితే ఫ్యాను చప్పుడే జవాబు. అందుకని ఒక పేజీ తయారుచేశాం. విద్యార్థి నొక్కిన అంకె ఉపాధ్యాయుడికి ఒక్కడికే కనబడుతుంది. పైన బొమ్మగా మాస్టారి తువాలు ఫోటో. తరగతి గదిలో అయితే అసలు తువాలు, తెర మీద అయితే ఈ తువాలు. రెండూ కలిపి ఒక పాఠంగా కట్టాం.

ఈలోగా రెండు కబుర్లు ఒకే నెలలో వచ్చాయి. గురువిద్యాలయంలో లాటిన్ గంటలు బాగా తగ్గించబోతున్నారన్నది ఒకటి. మాస్టారి కళ్ళకు నీటికాసులనే జబ్బు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవటమే అని డాక్టరు చెప్పింది రెండోది. ఆయన రెండో కబురును వదిలేసి మొదటిదానికి బాధపడ్డారు. విదేశంలో లాటిన్ ఉపాధ్యాయులు తమ పాఠాలను ఒకరితో ఒకరు పంచుకునే ఒక పెద్ద వెబ్‌సైటు ఉంది. అందులో ఒక పాఠం చేరితే ఎన్నో దేశాల బడులకు వెళుతుంది. మాస్టారి కోరిక ఒక్కటే. తువాలు పాఠం అందులో చేరాలి, చేరటం తాను చూడాలి. "చిన్నప్ప తరవాత ఇది పట్టుకునేవాడు లేడమ్మా. బీరువాలో మడతపడిపోతుంది" అన్నారు. అయితే ఆ వెబ్‌సైటు వాళ్ళకు ఒక నియమం ఉంది. పాఠం నిజంగా పనిచేసిందని చూపే ఫలితాలు జతచేయాలి.

"దానిదేముంది? ఈ పద్ధతిలో మార్కులు రెట్టింపవుతాయి. రాసెయ్" అన్నారు మాస్టారు.

నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "ఎలా తెలుసండీ?"

"జీవితమంతా చెప్పాను!"

"జీవితమంతా చెప్పటం ఆధారం కాదండీ, అలవాటు."

వంటింట్లోంచి ఆరోగ్యమ్మగారు నెమ్మదిగా అన్నారు. "పెళ్ళైన దగ్గర్నుంచి నేను వెతుకుతున్న మాట ఇదే."

మాస్టారు నాతో రెండు పాఠాలపాటు మాట్లాడలేదు. తుమ్మితే సాల్వే అన్నారు గాని ముఖం పక్కకు తిప్పి అన్నారు. మూడో పాఠం నాడు, "సరే, పరీక్షించు. నీ గాజు గొట్టంలో నా తువాలు వేసి చూడు" అన్నారు.

బళ్ళు తెరిచాక ఫాదర్ చిన్నప్ప తన విద్యార్థులను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి మామూలుగా చేతులెత్తించి పాఠం, ఇంకో బృందానికి తువాలు. తరువాత బృందాలను తారుమారు చేశాం. పరీక్ష పత్రాలు ఏ బృందానివో నాకు తెలియకుండా దిద్దాను. తరగతిలో అడిగే ప్రశ్నలకు తప్పు జవాబునూ, అసలు జవాబే రాకపోవటాన్నీ ఒక్క గాటన కట్టకుండా ఫాదర్ చిన్నప్ప చేత విడివిడి గడుల్లో రాయించాను. మొలకెత్తి చచ్చిన విత్తనమూ మొలకెత్తని విత్తనమూ మా ప్రయోగశాలలో ఒకటి కావు మరి. అంకెలు ఇక్కడ ఇవ్వను. అంత చిన్న తరగతిలో శాతాలు చెప్పటం మర్యాద కాదు. తేలింది మాత్రం స్పష్టం. మార్కుల్లో తేడా లేదు.

ఆ మేడ మెట్లు అంత నెమ్మదిగా నేనెప్పుడూ ఎక్కలేదు. కింద కోచింగ్ సెంటరు పిల్లలు ఏదో సూత్రాన్ని ఉత్సాహంగా వల్లిస్తున్నారు. ఫాదర్ చిన్నప్ప ముందే వచ్చి, పాపం చేసినవాడిలా స్టూలు అంచున కూర్చుని ఉన్నారు. చెప్పేశాను. మాస్టారు తువాలు మడత విప్పి, మళ్ళీ మడిచి, ఒళ్ళో పెట్టుకున్నారు.

"తేడా అసలు లేదా?"

"మార్కుల్లో లేదండీ."

"పోనీ మాస్టారూ," అన్నారు చిన్నప్ప, "కొంచెం పెరిగాయని రాస్తే ఎవరికి నష్టం?"

"ఒరేయ్, నువ్వు జనం పాపసంకీర్తనాలు విని క్షమించేవాడివి. ఆ మాట నేను వినలేదనుకుంటా" అన్నారు మాస్టారు. తరువాత నావైపు తిరిగారు. "మార్కులు సరేనమ్మా. జవాబు చెప్పనివాళ్ళ సంగతేంటి?"

కాగితాలు తీశాను. చేతులెత్తిన తరగతిలో ఎప్పుడూ ఆ కొద్దిమందే పలికారు. మిగతావాళ్ళ గడులు ఖాళీ. తువాలు తరగతిలో ఖాళీ గడి ఒక్కటీ లేదు. తప్పులు మాత్రం దండిగా ఉన్నాయి. వెనక బల్ల మీది వాళ్ళు సైతం చెయ్యి పెట్టి తప్పు వేలు నొక్కారు. బృందాలు తారుమారై చేతులెత్తే పద్ధతి వచ్చినప్పుడు ఆ పిల్లలే మళ్ళీ మూగవాళ్ళయ్యారు. చదివి వినిపిస్తుంటే మాస్టారి ముఖంలో వెలుగు రావటం చూశాను. నాకు ఇంకా అర్థం కాలేదు.

"మా నాన్న తువాలు వేస్తే కోడె ధర పెరిగేదనుకున్నావా?" అన్నారు. "పెరిగేది కాదు. ఎంతకు పోవాల్సింది అంతకే పోయేది. చేతిలో తక్కువ ఉన్నవాడు కూడా నలుగురూ నవ్వుతారన్న భయం లేకుండా బేరానికి వచ్చేవాడు. తువాలు పని అంతే. నేను ఇన్నాళ్ళూ మార్కుల కోసం అనుకున్నా చూడు, మా నాన్న నవ్వుతాడు." తరువాత పాఠం చెప్పే గొంతుతో అన్నారు. "టైపు చెయ్. మొదటి వాక్యం. ఈ పద్ధతి వల్ల మార్కులు పెరగవు."

"మాస్టారూ!" అని చిన్నప్ప లేచి నిలబడ్డారు. "మొదటి వాక్యమే అదైతే రెండోది ఎవరు చదువుతారండీ?"

"చదివేవాడే మనకి కావాలి. రెండో వాక్యం. ఈ పద్ధతిలో ఎవరూ మౌనంగా ఉండరు."

నేను అన్ని ఫలితాలూ జతచేసి పంపించాను. తరువాతి వారాల్లో మాస్టారు జవాబు వచ్చిందా అని ఒక్కసారీ అడగలేదు. పాఠానికి వెళ్ళిన ప్రతిసారీ నా ముఖాన్ని మాత్రం తన చూపుకు అందేంత దగ్గరగా వచ్చి చూసేవారు. ఆ చూపు పక్కలనుంచి కుంచించుకుపోతోంది. కాఫీ గ్లాసు పక్కన చెయ్యి పెట్టి గ్లాసు కోసం వెతికేవారు. ఆరోగ్యమ్మగారు చూడనట్టు నటిస్తూ గ్లాసును చేతికిందికి జరిపేవారు. నా జీవితంలో ఒక ఫలితం ఇలాగే రావాలని నేను కోరుకున్నది అప్పుడే. కోరుకోవటం పరీక్షకుడికి తగదని తెలిసీ కోరుకున్నాను.

చివరికి జవాబు వచ్చింది. ముగ్గురు పరిశీలకులు పాఠాన్ని చదివారట. మార్కులు పెరగవని మొదటి వాక్యంలోనే చెప్పిన పాఠం తమకు ఇంతవరకు రాలేదని, తమ తరగతుల్లో కూడా వెనక బల్లలు ఉన్నాయని రాశారు. ఆమోదానికి ముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. తువాలు కొలత ఎంత ఉండాలి?

మాస్టారు తెల్లబోయారు. అన్నిటికీ ఆధారాలు సిద్ధం చేసుకున్న నేను స్కేలు కోసం వెతకటం మొదలుపెట్టాను. ఫోనులో ఉన్న చిన్నప్ప, మూర అని ఒకసారి, గజం అని ఒకసారి అన్నారు.

"ఏదైనా ఒకటే" అన్నారు ఆరోగ్యమ్మగారు. "ఉతికిందై ఉండాలి. ఆడా మగా అంతమంది చేతులు పెట్టేది, చెమట గుడ్డయితే ఎవరు పెడతారు?"

అదే రాశాం. పాఠం ప్రచురితమైన రోజు తెర మీది అక్షరాలను వీలైనంత పెద్దవి చేశాను. మాస్టారు ముక్కు తెరకు తగిలేలా వంగి, ఆ చివరనుంచి ఈ చివరకు తల తిప్పుకుంటూ ఒక్కో మాటా చదివారు. ఫోటో దగ్గర ఆగారు. "మన తువాలే! అంచు చిరిగింది కూడా కనబడుతోంది."

"చిరిగింది పెట్టారా!" అని ఆరోగ్యమ్మగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "చీరాలలో తెచ్చిన కొత్తది బీరువాలో ఉంది గదండీ! దేశదేశాలు చూసేదానికి చిరిగిందే దొరికిందా!"

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ తుమ్మారు. "సాల్వే" అన్నాను నేను. ఆయనకు ఆ మాట చెప్పే అవకాశం నాకు వచ్చింది ఆ ఒక్కసారే.

మాస్టారు నిరుడు వానాకాలంలో వెళ్ళిపోయారు. తువాలు పాఠం కింద ఎక్కడెక్కడి ఉపాధ్యాయులో ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. కొందరు చేతిగుడ్డతో, ఒకరు మేజోడుతో ప్రయత్నించారు. మేజోడు గురించి ఆరోగ్యమ్మగారికి చెప్పలేదు.

పోయిన నెల పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో రైతుల సమావేశానికి వెళ్ళాను. తొలకరిలో వేస్తే మొలకెత్తని పత్తి విత్తనాల గురించి. సంచి మీద ముద్ర లేని విడి విత్తనం ఎవరెవరు కొన్నారో తెలిస్తే గాని ఆ సరుకు ఏ దారిన వచ్చిందో పట్టుకోలేం. అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. మోసపోయానని పక్క చేను వాడి ముందు ఎవరు ఒప్పుకుంటారు? ఫ్యాను చప్పుడు నాకు బాగా తెలిసిన చప్పుడే. సంచిలోంచి తువాలు తీసి చేతిమీద కప్పుకున్నాను. కొన్నవాళ్ళు ఒక వేలు, కొననివాళ్ళు రెండు వేళ్ళు నొక్కాలని చెప్పాను.

ముందు వరసలోని ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. "ఏంటి అమ్మాయ్, కోడెల బేరమా? మా అయ్య కాలంలో చూశా ఇది." లేచి వచ్చి, చుట్టూ ఒకసారి చూసి, తువాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు. మొద్దుబారిన ఒక వేలు నా అరచేతిని గట్టిగా నొక్కింది. పైకి మాత్రం ఆయన, "నేనెందుకు కొంటానమ్మా అట్టాంటివి!" అని అందరికీ వినబడేలా అని వెళ్ళి కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొకరు లేచారు. ఆ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు కూడా కదిలారు.

ఒక ఊరు, ఒక మధ్యాహ్నం. ఇది ఆధారం కాదని నాకు తెలుసు. అందుకే ఇంటికి రాగానే తువాలు ఉతికి ఆరేశాను. వచ్చే వారం ఇంకో ఊరు ఉంది.